సాయవ్వ ఒక్కపొద్దు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇన్నేళ్ల నర్సు ఉద్యోగంలో ఎంతమంది కళ్లు నా చేత్తో మూశానో, ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. తోటి సిస్టర్లు ఇలాంటి కబుర్లు మొదలుపెడితే కసురుకునేదాన్ని నేనే. అలాంటిదాన్ని ఇది రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే చిరాకుగా ఉంది.

బాన్సువాడలో నేను పనిచేసే చిన్న దవాఖానకు ఎక్కువగా షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లే వస్తారు. సాయవ్వది నస్రుల్లాబాద్ దగ్గర పల్లె, బీడీలు చుట్టి బతికే మనిషి. షుగర్ బాగా పెరిగి చేరింది. బిళ్లలకు లొంగకపోయేసరికి డాక్టర్ గారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ సూది వేసుకున్నాక టిఫిన్ తినాల్సిందే. తినకపోతే ఒంట్లో ఉన్న షుగర్ కూడా పడిపోయి మనిషి స్పృహ తప్పుతుంది, ఆలస్యమైతే ప్రాణమే పోతుంది. ఈ మాట ప్రతి రోగికీ గొంతు పోయేలా చెబుతాం.

ఆ రోజు శనివారం. పొద్దున సూది వేసి, కొడుకు తెచ్చిన ఇడ్లీ పొట్లం సాయవ్వ ఒళ్లో పెట్టి వెళ్లాను. మళ్లీ వచ్చి అడిగితే తిన్నానంది. పొట్లం కనబడలేదు, కొంగుతో మూతి కూడా తుడుచుకుంటోంది. సరేనని, పక్క గదిలో ఒకాయన కాలి పుండుకు కట్టు కట్టడానికి వెళ్లాను.

కట్టు సగంలో ఉండగా గుమ్మంలో ఎవరో ఉన్నట్టనిపించి తలెత్తాను. నడివయసు ఆడమనిషి. పొట్టిగా ఉంది, గడ్డం మీద పచ్చబొట్టు.

"మా అక్క తిననే లేదు సిస్టరమ్మ. ఒక్కపొద్దున్నది. తిన్ననని నీకు అబద్ధమాడింది," అంది.

నవ్వుతూ చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రాణం మీదికొచ్చే సంగతి చెబుతూ ఆ నవ్వేమిటి? ఎవరి అక్క అని అడగాల్సిన పని లేదు, ఆ పొద్దున నేను ఇన్సులిన్ వేసిన ఆడమనిషి సాయవ్వ ఒక్కతే. చేతిలో దూది వదిలేసి పరుగెత్తాను. గుమ్మం దాటేసరికి ఆమె లేదు. వెతికే తీరిక నాకూ లేదు.

సాయవ్వ చెమటతో తడిసి ముద్దయింది. పిలిస్తే పలకలేదు. అప్పుడే టీ తాగి వచ్చిన కొడుకు కంగారులో నోట్లో చక్కెర నీళ్లు పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. స్పృహ లేని మనిషికి పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీటర్ పెట్టి చూస్తే షుగర్ అడుగంటింది. డాక్టర్ గారిని కేకేసి నరానికి గ్లూకోజ్ ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారాయన. ఇడ్లీలు దిండు కింద దొరికాయి.

తేరుకున్నాక బాగా తిట్టాను. ప్రతి శనివారం ఉపవాసమట. సూదితో ఒక్కపొద్దు చెడదు కదా అని వేయించుకుందట, తింటే చెడుతుందని దాచిందట. కొడుక్కి కూడా చెప్పలేదట. మీ చెల్లెలు వచ్చి చెప్పబట్టి బతికావు అన్నాను. కొడుకు నా మొహం వంక అదోలా చూశాడు. తనకున్నది ఒక్కతే చిన్నమ్మ అనీ, ఆమె పోయినేడు షుగర్‌తోనే చనిపోయిందనీ చెప్పాడు. పచ్చబొట్టు సంగతి అడిగితే అవును, ఉండేదన్నాడు.

సాయవ్వ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"నవ్వుకుంట చెప్పిందా?" అని అడిగింది.

నవ్వు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నిజం చెబుతున్నాను, నాకు భయమేసింది.

కొడుకును బయటికి పంపి అప్పుడు చెప్పుకొచ్చింది. సూది వేసినప్పటి నుంచీ చెల్లెలు మంచం పక్కనే కూర్చుందట. శనివారం పూట తింటావా, దాచిపెట్టు, సిస్టర్ అడిగితే తిన్నానను అని పోరుపెట్టిందట. చిన్నప్పటి నుంచీ దానిది అదే ఆట అంది. ఉట్టి మీది బెల్లం అక్కతో తీయించేదట, తీశాక తనే పోయి అమ్మకు చెప్పి, అక్క దెబ్బలు తింటుంటే నవ్వేదట.

షుగర్ పడిపోతే లేనివి కనబడతాయి. సాయవ్వ చూసింది దాంతో సరిపెట్టుకోవచ్చు. మరి నేను? కడుపునిండా తిని డ్యూటీ చేస్తున్నాను. కాలికి కట్టు కట్టించుకున్నాయన్ను అడిగితే, నేను ఉలిక్కిపడి గుమ్మం వైపు చూడడం చూశాడట. అక్కడ ఎవరూ లేరన్నాడు.

ఇంటికి పంపే రోజు, ఇక ఒక్కపొద్దులుండనని సాయవ్వతో ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేసి, నా చెయ్యి వదలకుండా ఏడ్చింది.

"అది మల్ల వస్తది బిడ్డా. మల్ల నన్ను తిననియ్యదు. గీసారి పోయి ఎవ్వలికి చెప్పకపోతే ఎట్ల?"

ఆ పొద్దున గుమ్మంలో నిలబడిందెవరో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు. శనివారం వస్తే మాత్రం సాయవ్వ కొడుక్కి నేనే ఫోన్ చేసి, అమ్మ తిన్నదా అని అడుగుతాను. తిన్నదనే చెబుతాడు. నువ్వు కళ్లారా చూశావా అని మళ్లీ అడుగుతాను.