డబ్బా మీద చీటీ

ఇదంతా ముందే రాసి ఉండవలసింది, కానీ నాకు రాయడం వచ్చి నాలుగేళ్లు కూడా నిండలేదు. చిన్నప్పుడు మా అనంతపురం పల్లెలో బడి తెరిచే రోజులూ, విత్తనానికి సెనక్కాయలు ఒలిచే రోజులూ ఒక్కసారే వచ్చేవి. ఇంటికి పెద్దపిల్లను గనుక నేను కాయల కుప్ప ముందు కూర్చుంటే, తమ్ముళ్లు పలకలు పట్టుకుని నా ఎదురుగానే వెళ్లిపోయేవారు. వేళ్లు బొబ్బలెక్కడం గుర్తుంది గాని, బడికి పోలేదని ఏడ్చినట్టు గుర్తు లేదు. ఆ కాయలే అరవై దాటాక నన్ను బడికి తరుముతాయని అప్పుడెవరికి తెలుసు!

మొన్న శనివారం కెనడాలో మా మిల్టన్‌లో కార్తీక వనభోజనాలకు వెళ్తే, గుమ్మంలోనే ఒకమ్మాయి నా చేతిలో మార్కరు పెట్టి, ఈసారి డబ్బాల మీద చీటీలు మీరే రాయాలి ఆంటీ అంది. మార్కరు మూత తీయగానే వచ్చిన ఆ ఘాటు వాసనకు, నాలుగేళ్ల కిందటి మధ్యాహ్నం అంతా మళ్లీ కళ్ల ముందు నిలిచింది.

వనభోజనాలంటే ఇక్కడ వనం ఉండదు. కార్తీకం వచ్చేసరికి చెట్లన్నీ మోడులై, బయట నిలబడితే చెవులు కొయ్యబారిపోతాయి కాబట్టి, ఒక హాలు మాట్లాడుకుని, గోడకు ఉసిరిచెట్టు బొమ్మ అంటించి, దాని కింద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటాం. ఇంటికొక వంట. హైదరాబాదువాళ్లూ, గుంటూరువాళ్లూ, మా సీమవాళ్లూ ఒకరి పచ్చడి మరొకరు రుచి చూస్తూ, పక్కపక్క వీధుల్లో పుట్టినట్టు కలిసిపోతారు. మనవరాలిని చూసుకోవడానికని మా అమ్మాయి దగ్గరికి వచ్చిన నాకు, ఆ హాలే ఊరు.

చదువు రాదన్న సంగతి మాత్రం కూతురికీ అల్లుడికీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఎవరైనా కాగితం చేతికిస్తే, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానమ్మా అనేదాన్ని. ఎన్నిసార్లు అన్నానో గాని, మాలో ఒకరైన కంటి డాక్టరుగారు, రిటైరైన పెద్దాయన, కనిపించినప్పుడల్లా ఒకసారి ఇంటికి రండి, చూపు పరీక్ష చేస్తాను అని పాపం తెగ బతిమాలేవారు.

ఆ ఏడు నేను సెనగ్గింజలు వేయించి, బెల్లంతో దంచి ఉండలు చేసి తీసుకెళ్లాను. చీటీలు రాస్తున్నది కొత్తగా వచ్చిన హైదరాబాదు అమ్మాయి.

"ఏం తెచ్చిండ్రు ఆంటీ?"

"సెనగ్గింజల ఉండలు, తల్లీ."

చకచకా రాసి, కాగితం నా ముందు పెట్టింది. "తెలుగులనే రాసిన. చూడుండ్రి, కరెక్టేనా?"

నేను ఆ కాగితాన్ని కాస్త దూరం పెట్టి, కళ్లు చిట్లించి, చదివినట్టే తల ఊపి, బాగుంది తల్లీ అన్నాను. ఆ తల ఊపడం ఈ రోజుకీ నన్ను వదల్లేదు.

భోజనాల వేళ నా ఎదురుగా ఒక గుంటూరమ్మాయి, ఐదేళ్ల కూతురి చేయి పట్టుకుని మిఠాయిల బల్ల దగ్గర నిలబడింది. ఆ పాపకు పల్లీలు పడవని, నాలుక్కి తగిలితే చాలు గొంతు వాచిపోతుందని, తల్లి సంచిలో ఎప్పుడూ మందు సూది పెట్టుకుని తిరుగుతుందని మాకందరికీ తెలుసు. అందుకే చీటీలు. నాకూ తెలుసు. నేను చేసిన ఉండల గురించి ఎందుకు తట్టలేదంటే, చీటీ ఉంది కదా అనుకున్నాను.

"మామ్, నట్స్?" అంది పాప, నా డబ్బా చూపించి.

"లేవు బంగారం. శనగపిండి ఉండలు. నువ్వు తినొచ్చు," అంది తల్లి చీటీ చదివి.

శనగపిండి అన్న మాట చెవిన పడగానే ఎలా లేచానో తెలియదు. పాప నోటి దాకా వెళ్లిన ఉండను చేత్తో కొట్టేశాను. అది నేల మీద పడి చితికింది. పాప బిగ్గరగా ఏడ్చింది, హాలంతా మావైపు తిరిగింది.

"ఇదేంటాంటీ, పిల్ల చేతిలోది లాగేస్తారా?"

"అవి పల్లీలమ్మా. మావైపు సెనగ్గింజలంటాం."

తల్లి ముఖం తెల్లబోయింది. పాప నోరు కడిగి, నాలుక చూసి, కూతుర్ని ఒళ్లోకి తీసుకుని గంటసేపు కదలకుండా కూర్చుంది. పాపకేమీ కాలేదు. సెనగ్గింజలంటే శనగలనుకుని చీటీ మీద శనగపిండి అని రాసిన అమ్మాయి, నా వల్లనే అయింది అని ఏడవడం మొదలుపెట్టింది.

"మీకు చూపించిందిగా చీటీ? మళ్లీ కళ్లజోడు మరిచారా?" అన్నారు డాక్టరుగారు.

ఆ అమ్మాయి ఏడుపు వింటూ ఇంకోసారి అవునని అనలేకపోయాను.

"కళ్లకేం కాలేదు డాక్టరుగారూ. నాకు చదువు రాదు."

ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది, అంతే.

మొన్న మార్కరు పట్టుకుని పల్లీలు, వేరుశనగ, సెనగ్గింజలు అని మూడు పేర్లూ వరుసగా రాసి, కింద ఇంగ్లీషులో పీనట్ అని కూడా పెట్టాను. కానీ రాయడానికి మిగిలిన డబ్బాలు ఆరో ఏడో. వంటలు చాలావరకు హోటలు నుంచే ట్రేలలో వస్తున్నాయి, పేర్లు అచ్చయి మూతల మీదే ఉంటున్నాయి. ఇది ఎవరు చేశారు, మీవైపు దీన్నేమంటారు అని అడిగేవాళ్లు తగ్గారు. పిల్లలకు అదే మంచిదని నాకూ తెలుసు. అయినా నాకు అక్షరాలు వచ్చే వేళకు, వాటితో పనిపడే డబ్బాలు ఇలా తగ్గిపోవడం చూస్తే మనసు కాస్త చివుక్కుమంటుంది.

ఉండ నేలపాలైన మర్నాడు ఆదివారం. డాక్టరుగారి భార్య తమ ఇంటి బేస్‌మెంటులో పిల్లలకు తెలుగు నేర్పేవారు. మనవరాలి పెన్సిలు ఒకటి అడిగి తీసుకుని, మంచులో నడిచి వెళ్లి, చిన్న కుర్చీల్లో ఒకదాని మీద కూర్చున్నాను. పక్క కుర్చీలో ఆ పాపే. నన్ను చూడగానే కుర్చీ అవతలికి జరుపుకుంది. ముందు పల్లీలు అని రాయడం నేర్పండమ్మా అన్నాను. ఆవిడ నవ్వి, ముందు 'అ' అన్నారు. నేను దిద్దిన 'అ'ను పాప కాసేపు ఓరగా చూసి, "నాట్ లైక్ దట్" అని, కుర్చీ మళ్లీ ఇటు జరుపుకుంది.