ముల్లంగి మడి చుట్టూ ముగ్గు

నెల్లూరులో కొన్న కొత్త చెప్పులు ఇసకలో నడవడానికి పనికిరావు. అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు, అడిగుంటే చెప్పేవాడేమో. అరవైల మొదట్లో ఒక చలికాలం సెలవులకి, వాటిని చేత్తో పట్టుకునే సముద్రం పక్కనున్న మా మేనత్త ఊరు చేరాను.

మామయ్య పోయిన ఏడాది అది. ఆయన తమ్ముడు ఇంటి పక్క తోటలో సరుగుడు వేద్దామన్నాడు. అత్త ఒప్పుకోక ముల్లంగి వేసింది. పంట నిలిస్తే తోట ఆమె చేతిలో ఉంటుంది, లేకుంటే మరిది చేతికి పోతుంది. అలా మాటయింది.

నేను వెళ్ళేసరికి ఆకులు జల్లెళ్ళయి ఉన్నాయి. వాటి మీద నల్లటి పురుగులు. అత్త వేలు తగిలితే చాలు, చుట్టచుట్టుకుని రాలిపడుతున్నాయి.

"చూస్తివా అబ్బయ్యా, ముట్టుకుంటేనే సస్తా ఉండాయి!"

వాటి తల్లి చిన్న నారింజరంగు ఈగ. తోక కింద రంపంతో ఆకు అంచు కోసి గుడ్లు పెడుతుందని కాలేజీలో చదివాను. పిల్లలకు నాటకానుభవం ఉందని పాఠంలో లేదు.

"ఇన్ని శవాల్ని ఎవరు మోస్తారత్తా?"

"చీమలుండాయి గదరా."

చీమలు తింటాయని ఆమె రోజూ వాకిట్లో బియ్యప్పిండితోనే ముగ్గేసేది. మర్నాడు మడి చుట్టూ కూడా వేసింది. మోసేవాళ్ళకు ముందుగా భోజనమన్నమాట. ఎర్రచీమలు బారులు తీరి వచ్చాయి.

ఆ సాయంత్రం శవాలు లేచాయి. ఒకటి ఒళ్ళు విప్పుకుంది, దాని వెనక ఇంకొకటి. కాడ పట్టుకుని మళ్ళీ ఆకుల మీదికి భోజనానికి వెళ్ళాయి. చీమలు పక్కకు తప్పుకుని దారిచ్చాయి.

"ఎంత నటనరా వీటిది!" అత్త నోటి మీద చెయ్యేసుకుంది. తర్వాత మొండికేసింది. "ఆకు పోతే పోనీ. గడ్డ ఉండాది గదా."

సెలవుల చివర్లో మరిది చూడవచ్చిన రోజున ఆమె కొంగు బిగించి ఒక ముల్లంగి పీకింది. బరువు లేకుండా పైకొచ్చేసింది. లోపలంతా డొల్ల. బొక్కల్లోంచి ఎర్రచీమలు ఆమె మణికట్టు మీదికి పొంగాయి. ఇంకొకటి పీకింది. అదీ అంతే. కుడుతున్నా చెయ్యి విదిలించుకోలేదు.

ఈగ పిల్లలు పిలవకుండా వచ్చి పైనుంచి తిన్నాయి. చీమల్ని మేమే పిండి పెట్టి పిలిచాం, అవి కిందినుంచి తిన్నాయి.

మరిది ఆ డొల్లని కాలితో పక్కకు నెట్టాడు.

"రేపు సరుగుడు నారు దించుతా వదినా. నువ్వింక ముగ్గులు ఇంటి ముందర ఏసుకో."