నల్లమట్టిలో నాలుగు చక్రాలు

మా ఇంట్లో ఆ పెద్ద బండి కొన్నది చీనీ తోట కోసం, అదే బత్తాయి తోట. తోట కంబదూరు దాటాక బాగా లోపలికి ఉంటుంది. అక్కడికి కారు పోయే దారులు రెండే. ఒకటి వంక దాటి పోవాలి, రెండోది చెరువు లోపలినుంచి. చెరువంటే పేరుకే. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి దాంట్లో నీళ్లు నిలవడం చూడలేదు. నల్లటి ఒండ్రుమట్టి నెర్రెలు విచ్చి, అంచుల్లో కంపచెట్లు పెరిగి, నడుమ ట్రాక్టర్లు తిరిగీ తిరిగీ దారి పడింది. ఎగుడుదిగుళ్లకు మా పాత కారు అడుగు తగిలి ఆయిలంతా కారిపోతే, మా ఆయన దాన్ని అమ్మేసి నాలుగు చక్రాలూ లాగే ఈ బండి తెచ్చాడు.

ఆయన పని బెంగళూరులో. సెలవులకే ఇంటికొస్తాడు. అందుకని బండి రాగానే నాకు నేర్పించాడు. "నేను లేనప్పుడు నాయన్ను తోటకు తీసకపొయ్యేది నువ్వే గదా" అన్నాడు. మామూలు రోడ్డు మీద రెండు చక్రాలు చాలు. ఇసుకలో నాలుగూ తిప్పాలి. బురదొస్తే బండి నిలిపి, గేరు తీసి, పక్కనున్న గుండ్రటి మీటను 'లో'కు, అంటే మెల్లగా గట్టిగా లాగే గేరుకు, తిప్పాలి. అప్పటికీ కదలకపోతే వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేటట్టు లాక్ వేయాలి. పెన్న ఇసుకలో దింపించాడు, ఊరి వెనక రాళ్లగుట్ట ఎక్కించాడు. రాతి మీద ఒక చక్రం గాల్లోకి లేచినా మిగతా మూడూ పట్టుకుని బండిని పైకి లాగేస్తుంటే నాకు భయం పోయి సరదా పుట్టింది. అంత ఎత్తు సీట్లో కూర్చుంటే ముళ్లకంచెల అవతల శనక్కాయ చేలన్నీ కనబడేవి.

మా మామ నా పక్క సీట్లో కూర్చునేవాడు. ఆయన మా అమ్మకు సొంత అన్న, నా చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. ముందున్న పిడి పట్టుకుని, బండి గుంతలో దిగి లేచినప్పుడల్లా, "దీనికి కాళ్లుండాయి మ్మీ" అని నవ్వేవాడు.

ఆ రోజు పొద్దున్నే ఆయన ఎవరి బైకు మీదనో తోటకు పోయాడు. నేను మధ్యాహ్నానికి సంగటి, శనక్కాయ ఊరిబిండి పచ్చడి కట్టుకుని బండిలో వెళ్లాను. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అట్లాంటి మబ్బులు మాకు అలవాటే, వచ్చి పోతుంటాయి. తోటలో పనిచేసే అక్క, మామ, నేను షెడ్డు కింద కూర్చున్నాం. తింటూ తింటూ ఉండగా మామ చేతిలోంచి సంగటి ముద్ద జారి పడింది. మళ్లీ తీసుకోబోయాడు. వేళ్లు మూసుకోలేదు. ఏమైంది మామా అని అడిగితే చెప్పబోయాడు గానీ నోరు ఒక పక్కకు లాగేసింది.

"పక్షవాతం మ్మా ఇది. మా యత్తకు ఇట్లనే వచ్చింది" అంది అక్క.

ఎంత తొందరగా తీసుకుపోతే అంత మంచిదని నాకూ తెలుసు. ఇద్దరం చెరో పక్కా పట్టి ఆయన్ని వెనక సీట్లో పడుకోబెట్టాం. అక్క ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపు వేస్తుండగానే వాన మొదలైంది. మొదట పెద్దపెద్ద చినుకులు, ఆ తర్వాత ముందు అద్దంలోంచి ఏమీ కనబడనంత వాన.

ముందు వంక దారి పట్టాను. పైన ఎక్కడో అంతకు ముందే కురిసినట్టుంది. కాజ్‌వే మీద ఎర్రనీళ్లు దొర్లుకుంటూ పోతున్నాయి, కింద సిమెంటు అంచు ఎక్కడుందో తెలియడం లేదు. మోకాలి లోతు నీళ్లయితే బండి దాటుతుందని మా ఆయన చెప్పాడు గానీ, అది మోకాలి లోతో నడుము లోతో ఎవరు చెప్పాలి?

"వద్దు మ్మా. పోయిన తూరి ఈడనే మేకలు కొట్టుకపోయినాయి" అంది అక్క. వెనక్కి తిప్పాను.

చెరువు దారిలోకి దిగే ముందే బండి ఆపి 'లో'కు తిప్పాను. కొంతదూరం బాగానే పోయింది. నడుమకొచ్చాక స్టీరింగు చేతిలో తేలికైపోయింది. నేను ఎటు తిప్పినా బండి దాని ఇష్టం వచ్చినట్టు జారుతోంది. తర్వాత ఆగిపోయింది. లాక్ వేశాను. నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలడం లేదు. దిగి చూస్తే టైర్ల గాళ్లన్నీ మట్టితో పూడిపోయి, టైరు గుండ్రటి బంకముద్దలాగా ఉంది. రాయినైనా పట్టుకునే ఆ గాళ్లు ఇక దేన్నీ పట్టుకోవు. బండి బరువుకు అడుగుభాగం మట్టికి ఆనుకుంటోంది.

టైర్లలో గాలి తగ్గించాను. కాళ్ల కింది మ్యాట్లు తీసి చక్రాల ముందు వేశాను, అవి నలిగి వెనక్కి ఎగిరిపోయాయి. ముళ్లు గుచ్చుకుంటున్నా కంప విరిచి తెచ్చి చక్రాల కింద తొక్కాను. ఏం చేసినా ఇంకాస్త దిగబడడమే. మా ఆయనకు ఫోను చేస్తే ఒక్క మాట వినబడి పది మాటలు తెగిపోతున్నాయి. అంబులెన్స్ వాళ్లు చెరువు కట్ట దాకానే వస్తామన్నారు. ఊరివైపు నుంచి ఒక ట్రాక్టరాయన వచ్చాడు. లోపలికి దిగబోయి, ముందు చక్రాలు కూరుకోగానే కష్టపడి వెనక్కి తీసుకున్నాడు. కట్ట మీద నుంచే అరిచి చెప్పాడు.

"నాది గూడా దిగబడతాదక్కా. మనుషుల్ని పిల్చకొస్తా, ఉండు."

నేను బట్టల నిండా బురదతో బండిలోకి వచ్చి కూర్చున్నాను. మామ ఏదో అంటున్నాడు. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. నీళ్లేమో అనుకుని సీసా అందించబోయాను. తల అడ్డంగా ఊపాడు. నొప్పా మామా అన్నాను. అదీ కాదు. అక్క వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"మంచి పదును వాన అంటాండాడు మ్మా" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఎన్నేళ్లుగానో విత్తనానికి సరిపడా తడి లేక ఆకాశం వైపు చూసిన మనిషి. ఆ వాన ఆగితే బాగుండని నేను దేవుళ్లకు మొక్కుకుంటూ ఉన్నాను. ఆయన అద్దం మీద కారుతున్న నీళ్లనే చూస్తూ పడుకున్నాడు.

మనుషులు వచ్చేసరికి వాన కొంచెం తగ్గింది. శనక్కాయ కుప్పల మీద కప్పే పట్ట తెచ్చి, ఆయన్ని దాంట్లో పడుకోబెట్టి నాలుగు మూలలా పట్టుకున్నారు. మోకాళ్ల దాకా దిగబడుతూ నడిచారు. ఒకాయన పడిపోయినప్పుడు పట్ట ఒక పక్కకు ఒరిగి మామ తల మట్టికి తగిలింది. నేను వెనకే నడుస్తూ ఆయన కాలు పట్టుకోవడం తప్ప చేసిందేమీ లేదు. కట్టెక్కి, అంబులెన్స్‌లో కళ్యాణదుర్గం పోయి, అక్కడి నుంచి అనంతపురం చేరేసరికి పొద్దు గూకింది.

డాక్టరు చిన్నవాడు. నా కాళ్ల మీది మట్టి చూస్తూ మెల్లగా చెప్పాడు.

"రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉండాదమ్మా. దానికి టైమ్ దాటిపోయింది. ఇప్పుడిస్తే ప్రమాదం."

మా ఆయన బెంగళూరు నుంచి వచ్చి ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చున్నాడు. నేల చూస్తూ అడిగాడు.

"లో వేసినావా?"

"వేసినా."

"లాక్?"

"అదీ వేసినా. గాలి గూడా తీసినా."

ఆయన తల ఊపాడు. "ఇంగ నేనున్నా అంతే చేసుంటా" అన్నాడు. నన్ను ఓదార్చాలని అన్నాడు.

వానలు ఆ తర్వాత కూడా పడ్డాయి. చెరువు నిండింది. మేము మామను ఇంటికి తెచ్చేసరికి ఊరంతా కట్ట మీద ఉంది. గంగమ్మకు పొట్టేలు కొట్టారు, ఆడవాళ్లు పసుపు కుంకుమలు నీళ్లలో వదిలారు. చెరువు నడుమ మా బండి కప్పు ఒక్కటే నల్లగా కనబడుతోంది, దాని మీద కొంగలు వాలి ఉన్నాయి. నీళ్లొచ్చినాయని మాకూ సంతోషం ఉండాలి. మమ్మల్ని చూడగానే వాళ్లే గొంతులు తగ్గించుకున్నారు.

ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక జేసీబీ పెట్టి బండిని లాగారు. ఇంజను పనికి రాదన్నారు. ధర్మవరం వాళ్లెవరో విడిభాగాలకు తీసుకుపోయారు.

మామ కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలోకి రాలేదు. మాట కొద్దిగా వచ్చింది. ఎడమ చేత్తో తినడం నేర్చుకున్నాడు, మెతుకులు కింద పోసుకున్నప్పుడు నా వైపు చూడడు. ఇప్పుడు తోటకు మేమందరం బైకుల మీద కట్ట వెంబడి సన్న బాటన చుట్టూ తిరిగి పోతాం. ఆయన్ని బైకు మీద కూర్చోబెట్టలేం. పొద్దున నేను బయల్దేరుతుంటే ఆయనా చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకోలేక అట్లాగే వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంటాడు.

"రేపు పోదాం మామా" అంటాను.

"సరే మ్మీ" అంటాడు. నేను గుండీలు పెట్టి వెళ్లిపోతాను.