గాజు తలుపుకి గడప

కృష్ణా నది కనిపిస్తుందని మోజుపడి పెట్టించుకున్న మా బాల్కనీ స్లైడింగ్ తలుపు కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. ఇవాళ పాత టూత్‌బ్రష్‌తో కింది ట్రాక్ గీకితే పసుపు, బియ్యప్పిండి అట్టలు కట్టి ఊడివచ్చాయి. మా అత్తగారి శుక్రవారం పూజంతా చక్రాల్లోకే పోతోందన్నమాట.

“అత్తయ్యగారూ, ఇది గడప కాదండీ, తలుపు జరిగే ట్రాక్” అన్నాను.

“తలుపున్నాక గడప ఉండదా అమ్మా? లక్ష్మీదేవి వచ్చే చోటు బోసిగా వదిలేస్తామా?” అన్నారు.

నాలుగో అంతస్తు బాల్కనీలోంచి ఎలా వస్తుందని అడిగే ధైర్యం నాకెక్కడిది? ట్రాక్ తుడిచి చక్రాలకి నూనె వేశాను. తలుపు ఒక్క వేలికి జరిగింది.

“చూశావా, అమ్మవారు కరుణించింది!” అంటూ దీపం వేళకి ట్రాక్ నిండా మళ్లీ పసుపు పూశారు. ఈసారి కుంకుమ బొట్లు కూడా.

బ్రష్ పారేయలేదు. మీ ఇళ్లలో ఎవరైనా నెగ్గి ఉంటే, ఎలాగో కాస్త చెప్పండి.