నేను తుడిచేసిన వార్త

నా చిన్నప్పుడు మా ఊళ్లో పేపరు తెప్పించుకునే ఇళ్లు రెండో మూడో ఉండేవి. మిగతా ఊరికి వార్తలు తెలిసేది గ్రంథాలయం అరుగు మీద నిలబెట్టిన నల్లబోర్డు వల్లే. నరసాపురం వైపు వెళ్లే కాలువకు చిట్టచివర ఉన్న ఊరు మాది. గ్రంథాలయమంటే ఒక పెంకుటింటి గది, రెండు బీరువాలు, నాలుగు బెంచీలు, అంతే. దాన్ని చూసుకునేది మా పక్కింటి అక్క. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా లేవు. తండ్రి పోయాక వాళ్లమ్మ లేసు అల్లి చదివించింది. ఇంకా పర్మనెంటు కాని ఆ చిన్న ఉద్యోగమే వాళ్లింటికి ఆధారం.

రోజూ పొద్దున్నే అక్క పేపర్లోని ముఖ్యమైన వార్తలను గుండ్రటి అక్షరాలతో బోర్డు మీద రాసేది. అడుగున ఒక గీత గీసి ‘మన ఊరు’ అని ఒకటి రెండు వాక్యాలు చేర్చేది. ఎవరి గేదె తప్పిపోయింది, టీకాలు ఎప్పుడు వేస్తారు, ఇలాంటివి. పదకొండేళ్ల నేను బడికి వెళ్తూ అదంతా పైకి చదివి వినిపిస్తే తప్ప ఆమెకు తోచేది కాదు.

ఆ ఏడు రెండో పంటగా వేసిన దాళ్వా వరి పొట్ట మీద ఉండగా కాలువ నీళ్లు మా శివారు చేలకు రావడం ఆగిపోయింది. రైతులు కాలువల ఆఫీసుకు వెళ్తే, నీళ్లు వదిలాం, వచ్చే ఉంటాయి పొండి అనేవారట. మా నాన్నగారు కూడా రెండుసార్లు వెళ్లి అదే మాట విని వచ్చారు. మా ఎకరన్నర చేలో నెర్రెల్లో నా పాదం పట్టేది. ఒక ఆదివారం అక్క ‘మన ఊరు’ కింద ఇలా రాసింది: “శివారు చేలకు తొమ్మిది రోజులుగా నీళ్లు రాలేదు. వదిలామని ఆఫీసులో చెబుతున్నారు.”

ఆ మధ్యాహ్నం అక్క భోజనానికి వెళ్తే నేను అరుగు మీద కూర్చుని కథల పుస్తకం చదువుకుంటున్నాను. జీపు వచ్చి ఆగింది. కాలువల ఆఫీసరు గారు దిగి బోర్డు మొత్తం చదివారు. కోప్పడలేదు. చాలా మెత్తగా, “పాపా, ఆ అడుగున రాసింది తుడిచెయ్యమ్మా. తప్పు రాశారు” అన్నారు. పెద్దవాళ్లు చెబితే వినాలని నేర్పిన ఇంటి పిల్లను. తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేశాను. మంచి పిల్లవని తల నిమిరి ఆయన వెళ్లిపోయారు. దాచడమెందుకు, ఆ కాసేపూ నాకు గర్వంగానే ఉంది.

అక్క వచ్చి చూసింది. ఏం జరిగిందో చెప్పాను. ఆమె ముఖం పాలిపోవడం చూసి నాకు ఏడుపు వచ్చేసింది. ఆమె మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “తప్పు రాశానన్నారు సరే. ఏది తప్పో అడిగావా అమ్మలూ?” అంది. అడగలేదు. అడగాల్సిన పని కూడా లేదు. మా చేను ఎండిపోవడం నా కళ్లతో నేను చూస్తూనే ఉన్నాను. అయినా పెద్దమనిషి ఒక్క మాట అనగానే నా కళ్లను నేనే నమ్మడం మానేశాను. ఎవరు తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

అక్క మళ్లీ అదే వార్త రాస్తుందనుకున్నాను. రాయలేదు. మర్నాడు ‘మన ఊరు’ కింద పెద్ద గడి గీసి ఖాళీగా వదిలేసింది. దాని కింద చిన్న అక్షరాలతో, “నిన్న ఇక్కడ ఉన్న వార్తను తుడిపించారు” అని రాసింది. బడికి వెళ్లే ముందూ, వచ్చాకా నన్ను ఆ బోర్డు పక్కన కూర్చోమంది. ఎవరైనా అడిగితే అక్కడ ఏముండేదో ఉన్నదున్నట్టు చెప్పమంది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు.

ఆదివారం బోర్డు వైపు కన్నెత్తి చూడనివాళ్లు కూడా ఆ ఖాళీ గడి చూసి ఆగారు. చదువు రాని ముసలమ్మలు సైతం వచ్చి అడిగారు. మొదట్లో తలొంచుకునే చెప్పాను. తుడిచింది నేనేనండి అని కూడా చెప్పేదాన్ని. పదిమందికి చెప్పేసరికి తలెత్తి చెప్పడం వచ్చింది. సాయంత్రానికి ఆ రెండు వాక్యాలు పక్క ఊళ్లకు కూడా చేరాయి. అక్క ధైర్యవంతురాలని అందరూ అన్నారు. బీరువాకు వేసిన తాళాన్ని ఆమె మళ్లీ మళ్లీ లాగి చూసుకోవడం మాత్రం నేను చూశాను.

మూడో రోజు జీపు మళ్లీ వచ్చింది. అప్పటికే అరుగు చుట్టూ నలభై మంది రైతులున్నారు. ఆఫీసరు గారు ఈసారి మెత్తగా మాట్లాడలేదు. ప్రభుత్వ జీతం తీసుకుంటూ ప్రభుత్వం మీదే రాస్తారా, పైవాళ్లకు చెబితే ఈ ఉద్యోగం ఉంటుందా అని అడిగారు. అక్క లేచి సుద్దముక్క ఆయన ముందు పెట్టింది.

“మీ మీద కోపంతో రాయలేదండి. నీళ్లు వచ్చి ఉంటే నేను రాసింది అబద్ధం. ఆ మాట మీరే ఇక్కడ రాయండి. నేను తుడవను, ఎవర్నీ తుడవనివ్వను.”

ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకు వెళ్లారు. ఎండిన చేల యజమానులు చూస్తుండగా నీళ్లు వచ్చాయని రాయడానికి చెయ్యి రాలేదు. చివరికి, పై ఊళ్లలో కొందరు తూముల తలుపులు ఇష్టం వచ్చినట్టు ఎత్తుకోవడం వల్ల శివారుకు నీళ్లు అందడం లేదనీ, గురువారం నుంచి వంతుల ప్రకారం ఇస్తామనీ రాసి సంతకం పెట్టారు. ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఎవరికీ చెప్పని సంగతి అది. పై ఊళ్ల పెద్దలంటే ఆయనకూ భయమేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఊరంతా చూస్తోందని వాళ్లకు చెప్పుకోవడానికి ఆయనకూ ఆ బోర్డు పనికొచ్చి ఉంటుంది.

గురువారం నీళ్లు రాలేదు. అక్క ఆ మాటే రాసింది. శనివారం వచ్చాయి. అదీ రాసింది. లాకుల దగ్గర ఆఫీసరు గారు ఎండలో స్వయంగా నిలబడి ఆ తూముల తలుపులు దింపించారని కూడా మరిచిపోకుండా రాసింది. మా చేను సగమే పండింది. కొందరికి ఆ సగమూ దక్కలేదు. అక్కకు సంజాయిషీ చెప్పుకోమని కాగితం వచ్చింది. ఆమె జవాబు కింద ఊళ్లో సంతకం పెట్టగలిగిన ప్రతి ఒక్కరూ పెట్టారు. ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత నేనూ ప్రభుత్వోద్యోగంలో చేరి, రాజమండ్రిలో రిటైరయ్యాను. మా ఆఫీసు గురించి పేపర్లో చెడ్డగా వచ్చినప్పుడల్లా నాకూ ముందు కోపమే వచ్చేది. రాసినవాళ్ల నోరు ఎలా మూయించాలో చెప్పేవాళ్లు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. నేను మాత్రం తలుపు వేసుకుని ఆ వార్తను రెండోసారి చదివి, ఏది తప్పో వెతికేదాన్ని. తప్పు దొరికితే జవాబు రాసి పంపేవాళ్లం. దొరక్కపోతే, మేం చేయలేదని వాళ్లు రాసిన పని చేసేవాళ్లం. నిజం చెప్పాలంటే, ఎక్కువసార్లు పనే చేయాల్సి వచ్చింది.