టీచరుగారు రుచి అడగడం మానేశారు

టీచరుగారు పోయారన్న కబురు నాకు రైల్లో తెలిసింది. నా ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. రోజూ పొద్దున్నే ఏలూరులో బండెక్కుతాను. అది భీమడోలులో ఆగి ఉండగా ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేశారు.

"అక్క లేదమ్మా. డాబా మీద పడిపోయిందంట. పనమ్మాయి చూసేసరికే అయిపోయిందంట."

అక్కడే దిగిపోయాను. వెనక్కి వచ్చే ఆటోలో కూర్చున్నాక గుర్తొచ్చింది. ఆ ఉదయం నేను గేటు వేస్తుంటే డాబా మీద ఆవిడ అలికిడి వినిపించింది. ఒకసారి పైకెళ్ళి పలకరించి వద్దామనుకున్నాను. బండి అందదని వెళ్ళలేదు.

తొమ్మిదేళ్ళుగా మేము ఆవిడ ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నాం. మిషను స్కూల్లో పిల్లలకు చదువు చెప్పి రిటైరయిన మనిషి. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. ఏడాది పొడుగునా నెమ్మదిగా ఉండే ఆవిడకి ఎండలు ముదిరేసరికి ఎక్కడలేని హడావుడి వచ్చేది. నూజివీడు వైపు నుంచి చిన్న రసాలు దింపించి, గడ్డిలో మగ్గేసి, ఒక్కొక్క కాయా వాసన చూసి పక్కన పెట్టేవారు. రసం పిండి, పల్చటి గుడ్డలో వడకట్టి, బెల్లం కలిపి, డాబా మీద తాటాకు చాపలో మామిడితాండ్రకి పొర పోసి, చేత్తో నున్నగా పరిచేవారు. మర్నాడు దాని మీద ఇంకో పొర. కాకులు వాలకుండా పైన వల కప్పేవారు. కొల్లేటి ఊళ్ళో చేపలు పట్టే ఒక పాత విద్యార్థి ఇచ్చిన వల అది. ఎన్ని పొరలయ్యాయో గుర్తుండడానికి పిట్టగోడ మీద సుద్దముక్కతో గీతలు గీసేవారు.

"తొందరపడకూడదమ్మా. కింది పొర ఎండిందని నీ వేలు చెప్పాలి. గడియారం చెప్పకూడదు," అనేవారు నాతో. చర్చిలో, వీధిలో, బంధువుల్లో ఆ తాండ్ర అందని ఇల్లు ఉండేది కాదు.

కరోనా వచ్చిన ఏడాది ఆవిడకి జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ రుచీ వాసనా పోయాయి. అందరికీ నెలలో తిరిగొచ్చాయి. ఆవిడకి రాలేదు. ఆ సంగతి చెల్లెలికి కూడా చెప్పలేదు. నాకు చెప్పడానికి కూడా వేసవి దాకా ఆగారు. ఒకరోజు రసం గిన్నె పట్టుకుని కిందికొచ్చి, గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఏమ్మా, ఇది తియ్యగా ఉందా? నాకు తెలీట్లేదు."

ఆ రోజు నుంచి నా నాలుకే ఆవిడ నాలుక. గరిటె నా నోటికి అందించి, నేను ఏమీ చెప్పకముందే నా మొహం చూసేవారు. పులుపంటే ఇంకాస్త బెల్లం వేసేవారు, చాలంటే ఆపేవారు. ఎవరు మెచ్చుకున్నా నవ్వుతూ నా వైపు చూసేవారు. మా ఇద్దరికీ తెలిసిన సంగతి అది.

అలా మూడో వేసవిలో, తాండ్ర సగంలో ఉండగా వానలు పడ్డాయి. వరసగా నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కుతూ దిగుతూ ఆవిడ చాపల్ని లోపలికీ బయటికీ మార్చారు. చివరికి కోసిన మొదటి ముక్క నా చేతిలో పెట్టారు. చెల్లెలి మనవరాలికి తాడేపల్లిగూడెంలో మొదటి పుట్టినరోజు ప్రార్థన. ఆ పిల్ల కోసమే చేసిన తాండ్ర అది.

నోట్లో పెట్టుకోగానే తెలిసింది. అడుగు పొరలు పులిసిపోయాయి. ఆవిడ నా మొహమే చూస్తున్నారు. ఆవిడ కాళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"బాగుందండీ టీచరుగారూ," అన్నాను.

పుట్టినరోజు సాయంత్రం రైల్లోంచి దిగి ఆవిడ స్టీలు డబ్బాతో నేరుగా మా గుమ్మంలోకి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పిల్లలు కొరికి ఊసేశారమ్మా. పెద్దాళ్ళు మొహమాటానికి నవల్లేక ప్లేట్లలో పక్కన పెట్టేశారు. ఒకావిడ అననే అంది, టీచరుగారికి నోరు చచ్చిపోయిందేమోనని." డబ్బా నా ముందు పెట్టారు. "పులిసిన సంగతి నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసండీ."

"నా నాలిక పోయిందనే కదమ్మా నీది అడిగాను. అదీ నిజం చెప్పకపోతే ఇంకెవర్ని అడగను?"

కోప్పడలేదు. గొంతు కూడా పెంచలేదు. మెట్లెక్కి వెళ్ళిపోయారు. మర్నాడు పైకెళ్ళి క్షమించమని అడిగాను. "పోనీలేమ్మా, అయిపోయిందిగా," అని నాకు కాఫీ ఇచ్చారు. పండక్కి పిలిచారు, జ్వరమొస్తే గంజి కాచి పంపారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. రుచి మాత్రం ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత వేసవుల్లోనూ తాండ్ర చేశారు. ఎలా సరిచూసుకునేవారో నాకు తెలియదు. ముక్కలు కాగితంలో చుట్టి నా చేతికిచ్చి, తినేదాకా ఆగకుండా వెళ్ళిపోయేవారు. "బాగుందండీ," అని నేను వెనకనుంచి అంటే "సరేనమ్మా," అనేవారు, తిరిగి చూడకుండా. అది నిజంగా బాగుండేది. ఆ మాట నమ్మించే దారే నాకు మిగల్లేదు.

ఇప్పుడు నేను ఒక్కదాన్నే అన్నం తింటున్నా, మొదటి ముద్ద దగ్గర ఎదురుగా ఎవరో నా మొహం చూస్తున్నట్టుంటుంది. తలెత్తుతాను. గోడే ఉంటుంది.

జ్ఞాపకార్థ ప్రార్థన అయిన మర్నాడు చెల్లెలుగారు ఇల్లు సర్దుతూ నన్ను పిలిచారు.

"పైన తాండ్ర సగంలో ఉందమ్మా. గడ్డిలో కాయలు కూడా మగ్గాయి. నువ్వే పూర్తి చెయ్యి. నువ్వు రుచి చూడందే ఎవరికీ పెట్టనని అక్క ఎప్పుడూ చెప్పేది."

అడిగేశాను. "మరి ఆ పుట్టినరోజునాడు...?"

"ఆ రోజు? వానల్లో తొందరపడి నీకు చూపించకుండా తెచ్చేశానంది. తప్పు నాదేనంది. ఏం?"

ఏమీ లేదండీ అన్నాను. అదీ అబద్ధమే. ఇది రాయడానికి కూర్చున్నది అందుకే.

కాయలు పిండి, వడకట్టి, బెల్లం కలిపి, గిన్నె పట్టుకుని డాబా ఎక్కాను. మిట్టమధ్యాహ్నం. కాళ్ళ కింద నేల కాలిపోతోంది. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను.

"ఇంకా కొంచెం పులుపుందండీ," అన్నాను పైకే. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను. కిందికి దిగి ఇంకాస్త బెల్లం వేసుకొచ్చాను.

ఆ రోజు పనమ్మాయి కప్పిన వల తీశాను. పై పొర ఆవిడ పోయిన ఉదయం పోసింది. సగం దాకా నున్నగా ఉంది. అక్కడి నుంచి నాలుగు వేళ్ళ చారలు మొదలై, చాప అంచు చేరకుండానే ఆగిపోయాయి. అలాగే ఎండిపోయాయి.

ఎంతసేపు గిన్నె పట్టుకుని కూర్చున్నానో తెలియదు. చివరికి వంచాను. రసం నెమ్మదిగా పాకి చారల్లోకి దిగింది. చాలాసేపు ఆ నాలుగు గీతలూ అడుగున కనిపిస్తూనే ఉన్నాయి, నీళ్ళ కింద చెయ్యి ఉన్నట్టు.