పదహారో మేక

మీరు నవ్వండి, పర్వాలేదు. నేను మాత్రం ఛాతీ విరుచుకునే చెప్తా. చేవెళ్లలో అరవైమంది ముసలివాళ్ల ముందు నా పరువు నేనే తీసుకున్న రోజు కథ ఇది. అయినా కేసు తేల్చిన. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తది.

మొయినాబాద్ బస్సులో ప్రతి రెండో మెడకు కంపెనీ కార్డు వేలాడే రోజులవి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, నంబర్లు వేసి, జాబితా రాయడం నా ఉద్యోగం. ఇంట్లో కారం డబ్బాకు కూడా నేనే లేబుల్ అంటించిన.

జపాన్ ప్రాజెక్టుకు పోయొచ్చిన ఒక కొలీగ్ ఒక సీరియల్ సీడీలు ఇచ్చిండు. అందులో షోగి అనే జపాన్ చదరంగం ఆడే ముసలి గురువు ఆట మధ్యలో మాయమైతడు. డిటెక్టివ్ ఎవరినీ ఏమీ అడగడు, పీట మీది పావుల్ని చూస్తడు, అంతే. ఆ ఆటలో చంపిన పావు చంపినవాడి పక్షాన చేరి మళ్లీ పీట మీదికి దిగుతది. అట్ల పక్షం మారిన పావును బట్టి, ద్రోహి ఇంట్లోవాడే అని తేలుస్తడు. పదకొండు భాగాలు రెండు రోజుల్లో చూసిన. మూడో రోజు నుంచి నాకు లోకమంతా ద్రోహులే.

ఆ శనివారమే మా ఊరు చిన్న మంగళారం పోయిన. అవ్వ చిల్కూరు గుడికి పోయింది, బాపు పొలం కాడ ఉన్నడు. అరుగు మీద ఉండాల్సిన తాత లేడు.

తాత, పక్కింటి నర్సింలు తాత రోజూ అన్నం తిన్నంక అక్కడే పులి-మేక ఆడతరు. మా తాతవి ఎప్పుడూ మేకలు, నర్సింలు తాతవి పులులు. సుద్ద గీతల మీద ఆట సగంలో ఆగి ఉన్నది. నోట్‌బుక్ తీసిన.

ఒకటి, తాత చెప్పులు ఇక్కడే ఉన్నయి. రెండు, చేతికర్ర లేదు. మూడు, సగం తాగిన చాయ్, అందులో ఒక ఈగ. నాలుగు, వాకిట్లో జీపు టైర్ల గుర్తులు. ఐదు, పులులు మూడు, సరే. మేకలు మాత్రం చచ్చినవీ బతికినవీ కలిపి పదహారు.

పదిహేనే ఉండాలె! ఐదో నంబరు కింద రెండు గీతలు కొట్టిన. చచ్చిన మేక పక్షం మారి మళ్లీ దిగిందన్నమాట. దిగితే మాత్రం మొత్తం ఎట్ల పెరుగుతదని మీరు అడుగుతరు. ఆ ప్రశ్న నాకు రెండు రోజుల తర్వాత తట్టింది. పులి-మేకలో చచ్చిన మేక మళ్లీ లేవదని కూడా నాకు తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం నేను జపాన్‌లో ఉన్న.

వారం నుంచి ఒక ప్లాట్ల బ్రోకరు తెల్ల జీపులో మా రోడ్డుపక్క రెండెకరాల చుట్టూ తిరుగుతున్నడు. భూమి తాత పేరు మీద ఉన్నది. మేకల్ని మింగే పులులేమో నర్సింలు తాతవి. ఇంకేం కావాలె? బాపుకు ఫోన్ కొట్టిన.

"బాపూ, తాతను ఎత్తుకపోయిండ్రు! నర్సింలు తాత బ్రోకరుతోటి కలిసిండు!"

"ఎవలు చెప్పిండ్రు?"

"పదహారో మేక."

"ఎండల తిరిగినవా బిడ్డా?"

"వేలుముద్ర పడితే రెండెకరాలు పోయినట్టే, బాపూ!"

ఈ మాటకు బాపు బైకు రెక్కలొచ్చినట్టు వచ్చింది. చేవెళ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో తాత లేడు. పక్కనున్న ఫంక్షన్ హాలు ముందు మాత్రం తెల్ల జీపు ఉన్నది. లోపలికి ఉరికిన. కుర్చీల వరుసల్లో అరవైమంది ముసలివాళ్లు. నడుమ మా తాత, తల వెనక్కి వాల్చి, కండ్లు మూసుకొని. బొటనవేలికి నీలం సిరా!

"బాపూ, సిరా! ముద్ర పడ్డది!" అని ఆ వేలును గెలిచిన కప్పులా పైకెత్తిన. పక్క కుర్చీలోని నర్సింలు తాత మీద పడ్డ. "చెప్పు తాతా! ఎంతకు అమ్ముడుపోయినవ్?"

"ఏం లొల్లిరా గిది? కండ్ల పరీక్ష! మీ తాత కంట్ల పొర వచ్చిందని నేనే బతిమిలాడి తెచ్చిన. పేర్లు రాసుకునేటోళ్లు వేలుముద్ర తీసుకున్నరు. జీపు గూడ వాళ్లదే, అది వస్తే ఆట ఇడిచి ఎక్కినం."

"మరి చెప్పులు?"

"మొదటి జీతంతోటి నువ్వు కొనిచ్చిన బూట్లేసుకున్నడు. నీకు గూడ పొర వచ్చిందా?"

తాత కాళ్లకు తెల్లటి బూట్లు తళతళ మెరుస్తున్నయి. బాపు అప్పటికే నన్నెరగనట్టు పైన ఫ్యాను చూస్తున్నడు. నర్సింలు తాత మాత్రం కుర్చీలోంచి లేచిండు.

"నలభై ఏండ్ల దోస్తానం. ఇంతమందిల నన్ను దొంగను చేస్తివి కదరా. ఇగ మీ అరుగు ఎక్కను."

రెండెకరాలు కాపాడబోయి తాతకున్న ఒక్క దోస్తును పోగొడుతున్న. ఏం చెయ్యాలో తెలవక, తెలిసిన ఒక్క పనే చేసిన. జాబితా చదివిన. చెప్పులు, కర్ర, చాయ్, టైర్లు. "ఐదు, మేకలు పదహారు."

"ఎన్ని?"

"పదహారు."

నర్సింలు తాత మెల్లగా మా తాత వైపు తిరిగిండు. మందు చుక్కలకు మూసుకున్న కండ్లను మా తాత ఇంకింత గట్టిగా మూసుకున్నడు.

"ఓ రాజయ్యా, పదిహేనే గదనే?"

"నాకు కండ్లు కనిపిస్తలేవు నర్సింలూ."

"జేబు చూపియ్."

జేబులోంచి పదిహేడో మేక, పద్దెనిమిదో మేక కూడా బయటపడ్డయి. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మందు వేయించుకున్నవాళ్లు సహా అందరూ కండ్లు తెరిచి చూసిండ్రు.

"నలభై ఏండ్ల సంది నా పులులు ఎందుకు ఓడుతున్నయో ఇప్పుడు తెలిసింది!" నర్సింలు తాత పొట్ట పట్టుకొని నవ్విండు. నా వీపు మీద ఒక్కటి చరిచిండు. "శభాష్ రా! దొంగ దొరికిండు!"

నేను చెప్పలేదా, కేసు తేల్చిన అని? ద్రోహి ఇంట్లోవాడే. జపాన్ డిటెక్టివ్‌కు పదకొండు భాగాలు పట్టింది, నాకు ఒక్క మధ్యాహ్నం.

మరునాడు నర్సింలు తాత మా అరుగు ఎక్కిండు. ముందు తాత జేబులు తడిమి, తర్వాతే చాయ్ అడిగిండు.

అయినా అదే అరుగు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసిన. ఒకటి, ఏ సీరియల్‌దైనా ఆఖరి భాగం చూసిన వారం లోపల ఊరికి పోను. రెండు, పెద్దోళ్ల వేళ్లు పట్టుకొని సిరా వెతకను. మూడు, ఈ జన్మల మా తాత మేకల్ని లెక్కపెట్టను. మూడోదాన్ని ఆయనే దగ్గర కూర్చొని రాయించిండు.